స్ప్లిట్ దగ్గర తెరచాప పడవ అద్దెకు తీసుకుంటే మొదటి రోజు ఎలా గడపాలి

క్రొయేషియా తీరంలో తెరచాప పడవల్ని వారం లెక్కన, శనివారం నుంచి శనివారం దాకా అద్దెకిస్తారు. స్ప్లిట్ నగరం చుట్టుపక్కల మెరీనాల్లో, అంటే పడవలు కట్టే రేవుల్లో, దాదాపు అందరిదీ ఒకటే పద్ధతి. శనివారం పొద్దున తొమ్మిదికల్లా పాతవాళ్ళు దిగిపోవాలి, సాయంత్రం ఐదు ప్రాంతంలో కొత్తవాళ్ళకి పడవ అప్పగిస్తారు. ఈ మధ్యలోనే కడగడం, దుప్పట్లు మార్చడం, చిన్నాచితకా రిపేర్లు అన్నీ జరగాలి. డబ్బు శనివారం నుంచే కట్టాం కదా, ఆ సాయంత్రమే బయల్దేరిపోదాం అని అందరికీ అనిపిస్తుంది. నేనైతే వద్దంటాను. ఆ పూట పడవని తెలుసుకోవడానికి వాడండి, రాత్రి మెరీనాలోనే పడుకోండి, ఆదివారం పొద్దున కదలండి. పోయేది రెండు మూడు గంటల ప్రయాణం, తప్పేది చీకట్లో తెలియని పడవతో తెలియని రేవులోకి వెళ్ళే టెన్షన్.

40 నుంచి 45 అడుగుల పడవ, ఆరు నుంచి ఎనిమిది మంది మనుషులు, బయల్దేరే చోటు స్ప్లిట్ ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో ఉన్న కాష్టెలా మెరీనా అనుకుని రాస్తున్నాను. గ్రీస్‌లోనో టర్కీలోనో అయితే కాగితాల పని మారుతుంది. పడవ దగ్గర చేసుకోవాల్సిన పని ఎక్కడైనా దాదాపు ఇదే.

ఇంట్లో ఉండగానే తేల్చుకోవాల్సినవి

మొదటిది లైసెన్సు. పడవ నడిపే మనిషికి క్రొయేషియా గుర్తించే సర్టిఫికెట్ ఉండాలి, దాంతోపాటు వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవలు, రేవులు మాట్లాడుకునే రేడియో) సర్టిఫికెట్ కూడా. ఏయే దేశాల ఏయే సర్టిఫికెట్లు చెల్లుతాయో అక్కడి సముద్ర రవాణా మంత్రిత్వ శాఖ జాబితా ప్రకటిస్తుంది. ఐసీసీ (పడవ నడిపేవాళ్ళ అంతర్జాతీయ సర్టిఫికెట్), ఆర్‌వైఏ (బ్రిటన్ పడవల సంఘం) ఇచ్చే డే స్కిప్పర్ లాంటివి ఉన్నవాళ్ళకి ఇబ్బంది ఉండదు. హుస్సేన్ సాగర్‌లో డింగీ, అంటే చిన్న తెరచాప పడవ, నడిపిన అనుభవం గాలిని అర్థం చేసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, కానీ పది టన్నుల పడవ తాళం చేతికివ్వడానికి ఆ కాగితం చాలదు. మీ సర్టిఫికెట్ స్కాన్ కాపీని బుక్ చేసేటప్పుడే కంపెనీకి పంపి, చెల్లుతుందని రాతపూర్వకంగా చెప్పించుకోండి.

లైసెన్సు లేకపోతే స్కిప్పర్‌ని, అంటే పడవ నడిపే మనిషిని, పెట్టుకోవచ్చు. రోజుకి 200 యూరోల పైమాటే, తిండి మనదే. చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది: ఆయనకీ ఒక పడక కావాలి, పడవ మీద అనుమతించిన మొత్తం సంఖ్యలో ఆయనా ఒకరు. ఎనిమిది మందికి రాసిన పడవలో ఎనిమిది మంది చుట్టాలు ఎక్కాక స్కిప్పర్‌కి చోటుండదు.

వీసా సంగతి. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) చేరింది, అదే రోజు నుంచి యూరో వాడుతోంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి షెంగెన్ వీసా తప్పనిసరి, అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్నా సరే.

డిపాజిట్ గురించి ముందే ఆలోచించండి. పడవని బట్టి 1500 నుంచి 3000 యూరోలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు. మన బ్యాంకుల కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి, యాప్‌లో మనమే ఆన్ చేసి పరిమితి పెంచుకోవాలి. కౌంటర్ ముందు నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూసే పరిస్థితి తెచ్చుకోవద్దు. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. డిపాజిట్ బదులు, తిరిగి రాని కొంత మొత్తం కట్టి బీమా తీసుకునే ఏర్పాటూ ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అదే మేలు.

పడవ ఎక్కే అందరి పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు కంపెనీకి ముందే పంపాలి. దాన్నే క్రూ లిస్ట్ అంటారు, దాన్ని ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేస్తారు. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయండి, ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమక మనవాళ్ళ దగ్గరే ఎక్కువ.

సామాన్లు మెత్తటి బ్యాగుల్లోనే తెచ్చుకోండి. గట్టి సూట్‌కేసు పెట్టడానికి పడవలో చోటే ఉండదు, వారమంతా ఎవరో ఒకరి మంచం మీద కూర్చుంటుంది.

శనివారం మధ్యాహ్నం: ముందు ఆఫీసు, తర్వాతే పడవ

అద్దె పడవల మెరీనా శనివారం మధ్యాహ్నం పెళ్ళివారి విడిదిలా ఉంటుంది. పెట్టెలు, పిల్లలు, ట్రాలీలు, ఎక్కడ చూసినా వరసలే. అప్పగింత ఐదింటికే అయినా ఒంటిగంటకల్లా ఆఫీసుకి వెళ్ళిపోండి. పాస్‌పోర్టులు, లైసెన్సు చూపించి, డిపాజిట్, టూరిస్టు పన్ను, ట్రాన్సిట్ లాగ్ పేరుతో తీసుకునే రుసుము కట్టేస్తే మీ పేరు వరసలో పైకి వెళ్తుంది. ముందు కాగితాలు పూర్తిచేసినవాళ్ళ పడవలే ముందు సిద్ధం చేస్తారని నా నమ్మకం, ఎవరూ ఒప్పుకోరనుకోండి.

అక్కడే మూడు ప్రశ్నలు అడగండి. రిపేరు వస్తే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి? శుక్రవారం ఎన్నింటికల్లా మెరీనాకి తిరిగి రావాలి (చివరి రాత్రి అక్కడే పడుకుని శనివారం పొద్దున దిగుతారు)? మామూలుగా సాయంత్రం ఆరుకల్లా, డీజిల్ ట్యాంకు నింపి రమ్మంటారు, ఆ రోజు బంకు దగ్గర క్యూ పొడవు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మూడోది, పిల్లలు ఉంటే వాళ్ళ సైజు లైఫ్‌జాకెట్లు పడవలో పెట్టారా అన్నది.

సరుకులు

ఇద్దరు ఆఫీసు పని చూస్తుంటే మిగతావాళ్ళు సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాలి. ఈ పని ఆదివారానికి వాయిదా వెయ్యకండి. 2023 జూలై నుంచి క్రొయేషియాలో చాలా దుకాణాలు ఏడాదికి 16 ఆదివారాలు మాత్రమే తెరవొచ్చు. కోన్జూమ్, టామీ, లిడ్ల్ లాంటివి శనివారం రాత్రి దాకా ఉంటాయి.

తాగునీళ్ళు ఎక్కువ కొనండి. పడవ ట్యాంకులో మూడు నాలుగు వందల లీటర్లు ఉంటాయి గానీ అవి స్నానాలకి, గిన్నెలకి. ఎనిమిది మంది ఇంట్లోలా షవర్ కింద నిలబడితే రెండో రోజుకే ఖాళీ. మొదటి రెండు రోజుల కూరగాయలు, వారానికి సరిపడా బియ్యం, పప్పు, నూనె, గుడ్లు చాలు, దీవుల్లోనూ చిన్న కొట్లు ఉంటాయి, ధర కాస్త ఎక్కువంతే.

ఇంటి నుంచి తెచ్చుకునే వాటి మాట. ఆవకాయ, కారప్పొడులు సరే. నెయ్యి, పాలతో చేసినవి, మాంసం పచ్చళ్ళు మాత్రం యూరోపియన్ యూనియన్ బయటి నుంచి తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. రైస్ కుక్కర్ తెద్దామా అని అడిగేవాళ్ళు ప్రతి గుంపులో ఒకరు ఉంటారు. 230 వోల్టుల కరెంటు మెరీనాలో తీగ తగిలించినప్పుడే వస్తుంది, లంగరు వేసి ఖాళీ సముద్రంలో ఉన్నప్పుడు 12 వోల్టులే. చిన్న ప్రెషర్ కుక్కర్ తెచ్చుకుంటే గ్యాస్ పొయ్యి మీద హాయిగా అయిపోతుంది.

అప్పగింత: అసలు పని ఇక్కడ

కంపెనీ మనిషి వచ్చి పడవ చూపిస్తాడు. ఆ రోజు ఆయనకి ఇంకా ఆరేడు పడవలు ఉంటాయి కాబట్టి పరుగులు పెడతాడు. మీరు పెట్టొద్దు. ఇద్దరు ఆయన వెంట ఉండండి, ఒకరు ప్రశ్నలు అడగాలి, ఇంకొకరు ఫోన్‌లో వీడియో తియ్యాలి. ఆయన స్విచ్చులు చూపిస్తూ చెప్పే ప్రతి మాటా రికార్డవ్వాలి. బుధవారం రాత్రి నీళ్ళ పంపు ఆగిపోయినప్పుడు ఆ వీడియోనే దిక్కు.

ఆయన రాకముందే పడవ చుట్టూ తిరిగి ప్రతి గీత, ప్రతి సొట్ట, ప్రతి చిరుగు ఫోటో తీసి, చెక్‌లిస్టులో రాయించండి. చిన్నదే కదా అని వదలకండి, తిరిగొచ్చాక చిన్నది ఏదీ ఉండదు.

ఇంజిన్ మూత తీయించండి. ఆయిల్ పుల్ల ఎక్కడుంది, బెల్టు బిగువుగా ఉందా, సముద్రపు నీళ్ళు లోపలికి తీసుకునే కవాటం ఎక్కడుంది, అన్నీ కళ్ళతో చూడాలి. స్టార్ట్ చేశాక వెనక గొట్టం నుంచి నీళ్ళు చిమ్ముతున్నాయో లేదో చూడండి. వారమంతా ఇంజిన్ పెట్టిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి. నీళ్ళు రాకపోతే వెంటనే ఆపెయ్యాలి.

డెక్ (పడవ పైతట్టు) మీద మూడు మూతలు ఉంటాయి: డీజిల్‌కి ఒకటి, మంచినీళ్ళకి ఒకటి, మురుగు లాగడానికి ఒకటి. ఏది ఏదో అందరికీ చూపించండి. నీళ్ళ పైపు డీజిల్ మూతలో పెట్టిన వాళ్ళ కథలు ప్రతి మెరీనాలోనూ వినిపిస్తాయి.

లంగరు మోటారు నడిపించి చూడాల్సిందే. మెరీనాలో ఉండగానే రెండు మూడు మీటర్ల గొలుసు దింపి, ఎత్తించండి. ఆ మోటారుకి కరెంటు ఆపే బ్రేకరు ఎక్కడో అడగండి, ఎక్కువ పడవల్లో అది ఏదో ఒక గదిలో మంచం పక్కనో అల్మారాలోనో దాక్కుని ఉంటుంది. బరువు ఎక్కువై అది పడిపోయినప్పుడు లంగరు సగంలో వేలాడుతూ ఉంటుంది, గాలి మిమ్మల్ని తోస్తూ ఉంటుంది. అప్పుడు వెతుక్కోవడం మొదలుపెడితే ఆలస్యమే. గొలుసు మొత్తం ఎన్ని మీటర్లు, ఎన్ని మీటర్లకి ఒక రంగు గుర్తు పెట్టారు అన్నది రాసుకోండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడే ఈ మోటారు వాడాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

గాలి లేకపోతే తెరచాపలు అక్కడే విప్పించండి. ముందు తెరచాప పూర్తిగా విప్పి మళ్ళీ చుట్టాలి. వెనకదానికి రీఫింగ్, అంటే గాలి పెరిగినప్పుడు తెరచాపని తగ్గించే ఏర్పాటు, ఏ తాడుతో ఎలా చెయ్యాలో చేసి చూపించమనండి. నోటితో చెబితే ఒప్పుకోవద్దు.

లైఫ్‌రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే గాలి తెప్ప) మీద సర్వీసు గడువు తేదీ, అగ్నిమాపక సిలిండర్లు, మంటల సిగ్నళ్ళు ఉన్న డబ్బా, గ్యాస్ సిలిండర్ ఉన్న అర, అడుగున చేరిన నీళ్ళు తోడే చేతి పంపు, వీటిని ఒక్కొక్కటిగా ముట్టుకుని చూడండి. డింగీ (ఇక్కడ ఒడ్డుకి వెళ్ళిరావడానికి ఇచ్చే చిన్న పడవ) మోటారు నీళ్ళలో పెట్టి స్టార్ట్ చెయ్యమనండి.

ఇక టాయిలెట్. నవ్వొచ్చినా సరే, వారం సుఖంగా గడుస్తుందా లేదా అన్నది దీని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. చాలా పడవల్లో చేత్తో కొట్టే పంపు ఉంటుంది. పక్కన చిన్న మీట ఉంటుంది, ఒక వైపు పెడితే సముద్రపు నీళ్ళు లోపలికి వస్తాయి, రెండో వైపు పెడితే తొట్టి ఖాళీ అవుతుంది. వాడేముందు కాస్త నీళ్ళు తెచ్చుకోవాలి. వాడాక నీళ్ళతో పదిహేను ఇరవైసార్లు నెమ్మదిగా, పూర్తిగా కొట్టాలి, ఆ తర్వాత మీట మార్చి ఖాళీ చెయ్యాలి. నాలుగుసార్లు కొట్టి వచ్చేస్తే మురికి గొట్టంలోనే ఆగిపోతుంది. టాయిలెట్ పేపరు కూడా అందులో వెయ్యకండి, పక్కన సంచి పెట్టుకోండి. తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు పడితే గొట్టం మూసుకుపోయినట్టే, దాన్ని విప్పి బాగుచేసే ఖర్చు డిపాజిట్‌లోంచే పోతుంది. మురుగు ట్యాంకు కవాటం మెరీనాల్లో, ఈత కొట్టే చోట్ల మూసి ఉంచాలి, తీరానికి దూరంగా వెళ్ళాకే తెరవాలి. పెద్దవాళ్ళు, పిల్లలు అందరితోనూ ఒకసారి పంపు కొట్టించి చూడండి, మొహమాటం పడకుండా.

అన్నీ సరిపోయాకే సంతకం. పని చెయ్యనిది ఏదైనా ఉంటే ఆ రాత్రే బాగుచెయ్యమని గట్టిగా అడగండి. మెరీనాలో ఉన్నంతసేపే మెకానిక్ నడిచి వస్తాడు.

సాయంత్రం: మనవాళ్ళకి చెప్పాల్సినవి

సామాన్లు సర్దాక అందర్నీ కాక్‌పిట్‌లో, అంటే చక్రం దగ్గర కూర్చునే చోట, కూర్చోబెట్టండి. అరగంట చాలు. మన కుటుంబాల్లో ఈత రానివాళ్ళు ఎక్కువ, ముందు ఎవరికి వచ్చో ఎవరికి రాదో అడిగేయండి. లైఫ్‌జాకెట్ ప్రతి ఒక్కరికీ ఆ సాయంత్రమే తొడిగించి, పట్టీలు వాళ్ళ ఒంటికి సరిపడా బిగించి, ఎవరిది వాళ్ళ గదిలో పెట్టించండి. ఈత రానివాళ్ళు, పిల్లలు పడవ కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి. ఇందులో బతిమాలడాలు లేవు.

నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి. తెరచాప అడుగున ఉండే అడ్డ కర్ర పేరు బూమ్, అది ఒక్కసారిగా ఇటు నుంచి అటు ఊగుతుంది. స్కిప్పర్ “తల వంచండి” అంటే ఎందుకని అడక్కుండా వంచాలి. వించ్ (తాడు బిగించే గిరక) మీద తాడు చుట్టేటప్పుడు వేళ్ళు దూరంగా ఉంచాలి. పడవ గట్టుకో పక్క పడవకో తగలబోతుంటే కాళ్ళూ చేతులూ అడ్డం పెట్టకూడదు, ఫెండర్, అంటే పడవ పక్కన వేలాడే గాలి దిండు, పెట్టాలి. పడవకి గీత పడితే బీమా ఉంది.

రేడియో వాడటం స్కిప్పర్ కాకుండా ఇంకో మనిషికైనా వచ్చి ఉండాలి, ఎందుకంటే నీళ్ళలో పడేది స్కిప్పరే కావొచ్చు. ఎర్ర బటన్ మీది మూత ఎత్తి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ప్రమాద సంకేతం వెళ్తుంది, తర్వాత 16వ ఛానెల్‌లో మూడుసార్లు మేడే (ప్రాణాపాయంలో ఉన్నామని చెప్పే మాట) అని, పడవ పేరు, ఉన్న చోటు, జరిగింది చెప్పాలి. ఫోన్ సిగ్నల్ ఉంటే క్రొయేషియాలో సముద్ర రక్షణ నంబరు 195. ఈ వివరాలు ఒక కాగితం మీద తెలుగులో రాసి రేడియో పక్కన అంటించండి, కంగారులో చదువుకోవడానికి తేలిగ్గా ఉంటుంది.

కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు డాక్టర్ని ముందే అడిగి తెచ్చుకున్న మాత్ర, వాంతి మొదలయ్యాక కాదు, బయల్దేరకముందే వేసుకోవాలి. మగత వస్తుంది కాబట్టి పడవ నడిపేవాళ్ళు జాగ్రత్త. ఆ రాత్రి భోజనం తేలిగ్గా పెట్టుకోండి, మద్యం సంగతి మీ ఇష్టం గానీ పొద్దున తలనొప్పితో రేవు దాటడం ఏమంత బాగోదు.

పడుకునే ముందు గాలి లెక్క

ఏడ్రియాటిక్‌లో, అంటే క్రొయేషియా తీరపు సముద్రంలో, గాలులకి పేర్లున్నాయి, అక్కడివాళ్ళు వాటిని మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. వేసవిలో మంచిది మాఎస్త్రాల్. వాయవ్యం నుంచి పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం బలపడి, సూర్యాస్తమయానికి పడిపోతుంది. యూగో ఆగ్నేయం నుంచి వస్తుంది, మెల్లగా పెరుగుతూ మబ్బుని, పెద్ద అలల్ని వెంటబెట్టుకొస్తుంది. భయపడాల్సింది బురాకి. ఈశాన్యాన కొండల మీద నుంచి విసురుగా దిగే చల్లగాలి ఇది, కాష్టెలా వెనక నిలువుగా కనిపించే కోజ్యాక్ కొండ మీద నుంచి కూడా దిగుతుంది. వేసవి సాయంత్రాల్లో పడమటి నుంచి హఠాత్తుగా వచ్చే ఉరుముల గాలివానని నెవేరా అంటారు.

క్రొయేషియా వాతావరణ సంస్థ డీహెచ్‌ఎమ్‌జెడ్ ఏడ్రియాటిక్ నావికుల కోసం ఇచ్చే అంచనా ఆ రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చూడండి. బురా హెచ్చరిక ఉంటే ఆదివారం కూడా మెరీనాలోనే ఉండిపోండి. ఊళ్ళో ఒక రోజు తిరిగితే వచ్చే నష్టమేం లేదు.

ఆదివారం పొద్దున: తాళ్ళు విప్పడం

తొమ్మిది పది మధ్య బయల్దేరడం నయం. మాఎస్త్రాల్ ఇంకా లేవదు, నీళ్ళు కదలకుండా ఉంటాయి.

మధ్యధరా రేవుల్లో పడవని పక్కవాటుగా కాకుండా వెనక భాగం గట్టు వైపు పెట్టి కడతారు. వెనక రెండు తాళ్ళు గట్టుకి, ముందు ఒకటో రెండో తాళ్ళు సముద్రం అడుగున కాంక్రీటు దిమ్మకి. విప్పడానికి వరస ఉంది. ముందు కరెంటు తీగ పీకి, గట్టు మీదికి వేసిన చెక్క తీసెయ్యాలి, ఈ రెండూ మర్చిపోయి బయల్దేరే పడవలు ప్రతి శని, ఆదివారాల్లో కనిపిస్తాయి. కిటికీలు మూయించాలి. ఇంజిన్ పెట్టి నీళ్ళు చిమ్ముతున్నాయో చూడాలి. గాలి తగలని వైపు వెనక తాడు విప్పాలి. తర్వాత ముందు తాడు నీళ్ళలో వదలాలి, వదిలాక గేరు న్యూట్రల్‌లోనే ఉంచి నెమ్మదిగా ఇరవై లెక్కపెట్టాలి. ఆ తాడు మునిగి అడుక్కి చేరకముందే గేరు వేస్తే ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది, సెలవంతా అక్కడే ఆగిపోతుంది. తాడు మునిగింది అని ముందున్న మనిషి చెయ్యెత్తాక, గాలి వైపు వెనక తాడు చివరగా వదిలి మెల్లగా ముందుకి. ఇద్దరు చేతిలో ఫెండర్లు పట్టుకుని తిరుగుతూ ఉండాలి. ఎవరి పని ఏమిటో టీ తాగుతూ ఒకసారి నోటితో రిహార్సల్ వేసుకుంటే అరుపులు ఉండవు. పక్కగాలి గట్టిగా ఉంటే మెరీనా సిబ్బందిని సాయం పిలవండి, అది వాళ్ళ పనే, 17వ ఛానెల్‌లో ఉంటారు.

బయటపడ్డాక వెంటనే గమ్యానికి పరిగెత్తకండి. కాష్టెలా అఖాతం మూసినట్టు ఉంటుంది, సాధన చెయ్యడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పడవ పూర్తిగా ఆగడానికి ఎంత దూరం పడుతుంది, వెనక్కి నడిపితే ముందు కొస ఎటు లాగుతుంది, ఎంత వెడల్పులో తిరుగుతుంది అన్నవి చూసుకోండి. ఒక ఫెండర్ నీళ్ళలో వేసి, మనిషి పడ్డట్టు అనుకుని, తిరిగొచ్చి అందుకోండి. ఒకరు దాని వైపు వేలు చూపిస్తూ కన్ను తిప్పకుండా ఉండాలి. అలల్లో తల ఎంత తొందరగా కనిపించకుండా పోతుందో అప్పుడు అర్థమవుతుంది.

మొదటి మజిలీ దగ్గర్లోనే

బ్రాచ్ దీవి పడమటి కొసన ఉన్న మిల్నా మొదటి రాత్రికి నా ఎంపిక. కాష్టెలా నుంచి పదమూడు నాటికల్ మైళ్ళ లెక్క, అంటే పాతిక కిలోమీటర్ల లోపే. ఐదు నాట్ల (గంటకి ఐదు నాటికల్ మైళ్ళ) వేగంతో మూడు గంటలు కూడా పట్టదు. అఖాతం నుంచి మార్యాన్ కొండకీ చియోవో దీవికీ మధ్య నుంచి బయటికి వచ్చి, స్ప్లిట్ కాలువ అనే సముద్రపు పాయ దాటాలి. స్ప్లిట్ రేవు నుంచి దీవులకి వెళ్ళే పెద్ద ఫెర్రీలు ఇక్కడ అడ్డంగా వస్తుంటాయి. తెరచాపల మీద ఉన్నాం కదా, దారి వాళ్ళే ఇస్తారు అనే లెక్కలు పెట్టుకోకుండా ముందుగానే, స్పష్టంగా పక్కకి తిరగండి. ఖర్చు తగ్గించుకోవాలంటే షోల్టా దీవి పడమటి చివర షెషులా అనే ఇరుకు అఖాతం ఉంది, అక్కడి భోజనశాలల బోయాలకి (పడవ కట్టడానికి నీళ్ళ మీద తేలే బంతులకి) కట్టుకోవచ్చు. కట్టుకున్నచోటే భోజనం చెయ్యమంటారు.

లంగరు వెయ్యాల్సి వస్తే ఇసుక కనిపించే చోట వెయ్యండి. నీటి అడుగున నల్లగా కనిపించేది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి, అందులో లంగరు సరిగ్గా పట్టదు, గడ్డీ పాడవుతుంది. లోతుకి కనీసం ఐదింతల గొలుసు వదలాలి: ఐదు మీటర్ల లోతైతే పాతిక మీటర్లు, రాత్రికి ఇంకాస్త. వదిలాక వెనక్కి గేరు వేసి నెమ్మదిగా లాగి, ఒడ్డున రెండు గుర్తులు చూసుకుని కదలడం లేదని నిర్ధారించుకోండి. ఒకరు ఈత కళ్ళద్దాలు పెట్టుకుని దూకి లంగరు ఇసుకలో దిగిందో లేదో చూసొస్తే ఇంకా నిశ్చింత.

మిల్నాలో అయితే మధ్యాహ్నం మూడింటికల్లా చేరండి, సీజన్‌లో ఆ తర్వాత చోటు దొరకడం కష్టం. లోపలికి రాకముందే 17వ ఛానెల్‌లో పడవ పొడవు చెప్పి చోటు అడగండి, రెండు వైపులా ఫెండర్లు కట్టి, వెనక తాళ్ళు చుట్టి చేతిలో సిద్ధంగా ఉంచుకోండి. గట్టు మీద మనిషి చెయ్యి ఊపిన చోటికి వెనక్కి వెళ్ళి, ముందు గాలి వైపు వెనక తాడు ఆయనకి విసరాలి, ఆయన ఎత్తి చూపించిన అడుగు తాడుని కొక్కెం కర్రతో అందుకుని ముందు వరకూ నడుచుకుంటూ తీసుకెళ్ళి బిగించాలి. ఆ తాడు నిండా బురద, గవ్వలు, చేతికి గ్లవ్స్ ఉండాలి. కట్టేశాక రిసెప్షన్‌కి వెళ్ళేటప్పుడు పడవ కాగితాల ఫైలు, క్రూ లిస్ట్, స్కిప్పర్ పాస్‌పోర్టు వెంట తీసుకెళ్ళండి, లేకపోతే మళ్ళీ వెనక్కి పంపిస్తారు.